రెండో తలుపు లేని కొట్లు

షట్టర్ల కంపెనీలో అందరూ ఆమెను కొలతలక్క అనేవారు. చేరిన కొత్తలో ఆమె పని ఫోను దగ్గర కూర్చుని కొలతలు రాసుకోవడం. కొత్తగా కొట్టు పెట్టుకునేవాళ్లు ఫోన్ చేసి తమ గుమ్మం ఎంత వెడల్పో, ఎంత ఎత్తో చెప్పాలి. వెడల్పు ఎంతండీ అంటే "రెండు బళ్లు పక్కపక్కన పడతాయండీ" అనేవాడొకడు. ఎత్తు అడిగితే "మా ఆవిడ చెయ్యెత్తితే అందేంత" అన్నాడు ఇంకొకడు. ఆమె విసుక్కోలేదు. "అయితే ఫోను మీ ఆవిడకివ్వండి" అంది. ఆవిడ టేపు వెతికి, కొలిచి, అరంగుళంతో సహా చెప్పింది. ఆ మాట వెనక షెడ్డుదాకా పాకి, ఆ రోజునుంచి ఆమెకు ఆ పేరు స్థిరపడిపోయింది.

ముందు గది ఆఫీసు, వెనక రేకుల షెడ్డు. షెడ్డులో రేకు పట్టీలను ఒకదాని అంచులోకి ఒకటి జారుస్తుంటే వచ్చే కీచుమనే చప్పుడు మధ్యాహ్నం భోజనం వేళ తప్ప ఆగేది కాదు. కొలతలక్క ఆ చప్పుడులోనే ఫోన్లు మాట్లాడింది. ఇంట్లో కూడా గట్టిగా మాట్లాడడం అలవాటైపోయి, "నేను పక్కనే ఉన్నాను, షెడ్డు అవతల కాదు" అని భర్త నవ్వేవాడు.

తర్వాత కంపెనీలోకి కంప్యూటర్ కేటలాగ్ వచ్చింది. సేల్స్ కుర్రాళ్లు ట్యాబ్ పట్టుకుని కొట్టువాళ్ల దగ్గరికే వెళ్తారు. ఒక్కొక్క ప్రశ్నకూ జవాబు నొక్కుకుంటూ పోతే చివర ధర వస్తుంది, ఆర్డరు షెడ్డుకు వచ్చేస్తుంది. ఆ కేటలాగ్‌లో ఏ వస్తువు ఎంచుకుంటే ఏది కనబడాలి, ఏది దాగిపోవాలి, ఏది తప్పనిసరిగా వెంట రావాలి అన్నది ముందే ఎవరో కూర్చుని అమర్చాలి. కొలతలు ఆమెకు కొట్టినపిండి కాబట్టి యజమాని ఆ పని ఆమెకు అప్పగించాడు.

ఆ పని ఆమెకు నచ్చింది. వెడల్పు ఒక హద్దు దాటితే చేత్తో ఎత్తే స్ప్రింగు షట్టరు కనబడకూడదు, మోటారుదే కనబడాలి. మోటారు ఎంచుకుంటే రిమోటా, గోడకు బటనా అని అడగాలి. సముద్రపు గాలి తగిలే చోటైతే మామూలు రేకు తీసేసి, తుప్పు పట్టనిది మాత్రమే చూపించాలి. ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని నడిచే పిల్లల వరసలా ఉండేది ఆమెకు ఆ తెర. ఇంట్లో దాని గురించి చెబితే, "నేను నీలం చొక్కా తీస్తే బీరువాలోంచి దానికి నప్పే ప్యాంటు దానంతటదే వచ్చేలా పెట్టకూడదూ" అనేవాడు భర్త.

అలా పెట్టిన వాటిలో ఒకటి పూర్తిగా ఆమె సొంతం. ఎవరూ చెప్పకుండా తనే ఆలోచించి పెట్టింది.

ఒక పుస్తకాల కొట్టాయన మధ్యాహ్నం కునుకు తీద్దామని లోపలినుంచి మోటారు షట్టరు దించుకున్నాడు. కరెంటు పోయింది. మోటారు కదలదు, కొట్టుకు వెనక తలుపు లేదు. సాయంత్రం కరెంటు వచ్చేదాకా ఆయన లోపలే ఉన్నాడు. పక్క కొట్టువాళ్లు షట్టరు కింది సందులోంచి వార్తాపత్రిక లోపలికి తోశారట, చదువుకుంటూ ఉండమని. చీకట్లో ఎలా చదవనురా అని ఆయన లోపలినుంచి తిట్టాడట. ఈ కథ చెప్పుకుని షెడ్డంతా పొట్ట పట్టుకుని నవ్వింది. కొలతలక్కా నవ్వింది. తర్వాత ఫిట్టరు బాబాయి దగ్గరికి వెళ్లింది. కంపెనీలో అందరికంటే పాతవాడు, షట్టర్లు బిగించడానికి వెళ్లేది ఆయనే.

"బాబాయ్, అలా ఇరుక్కోకుండా ఏం చెయ్యాలి?"

"చేతి గొలుసు పెట్టాలమ్మాయ్. మోటారు పక్కన చిన్న పళ్లచక్రం ఉంటుంది, దానికి గొలుసు వేలాడుతుంది. కరెంటు లేకపోయినా లాగితే షట్టరు లేస్తుంది. కాస్త చేతులు నొప్పెడతాయి, అంతే."

"మరి అందరికీ ఎందుకు పెట్టం?"

"ఎవరూ అడగరు."

మర్నాడు ఆమె కేటలాగ్‌లో ఒక కొత్త ప్రశ్న చేర్చింది. కొట్టుకు రెండో తలుపు ఉందా? ఉంది అంటే మామూలుగా ముందుకు పోతుంది. లేదు అని, మోటారు కూడా ఎంచుకుంటే, చేతి గొలుసు పక్కన టిక్ దానంతటదే పడుతుంది. ఆ టిక్‌ను సేల్స్ కుర్రాడు తియ్యాలన్నా రాదు. యజమాని చూసి బాగుందన్నాడు. అంతటితో అందరూ దాన్ని మర్చిపోయారు.

కొంతకాలానికి ఆ గొలుసులూ చక్రాలూ తయారుచేసే చోట ఏదో గొడవ జరిగి, సరుకు రావడం ఆగిపోయింది. మోటార్లు ఉన్నాయి, రేకులు ఉన్నాయి, గొలుసు లేదు. గొలుసు లేనిదే ఆర్డరు ముందుకు కదలదు. సేల్స్ మేనేజరు ఆమె బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. మంచిగా మాట్లాడే మనిషే. ఎవరినీ ఒక మాట అనడు.

"అక్కా, ఆ గొలుసు టిక్ కాస్త వదులు చెయ్యండి. కావాలనుకున్నవాళ్లు పెట్టుకుంటారు, లేకపోతే లేదు."

"వెనక తలుపు లేనివాళ్లు ఇరుక్కుపోతారు సార్."

"తాత్కాలికమే. సరుకు రాగానే మళ్లీ బిగించేద్దాం. లేకపోతే మన కుర్రాళ్లు ఏం చేస్తున్నారో తెలుసా? తలుపు లేకపోయినా ఉందని నొక్కేస్తున్నారు. అంతకంటే ఇదే నయం కదా."

అదీ నిజమేననిపించి ఆమె కంప్యూటరు వైపు తిరిగింది. తప్పనిసరి అన్నదాన్ని ఐచ్ఛికం చేసింది. అయితే ఊరుకోలేక, గొలుసు వద్దనుకున్నవాళ్లకు ఎర్రటి అక్షరాల్లో ఒక హెచ్చరిక వచ్చేలా పెట్టింది: కరెంటు పోతే లోపలివారు బయటికి రాలేరు. 

నాలుగైదు రోజులు గడిచాయో లేదో మేనేజరు మళ్లీ వచ్చాడు. "ఆ ఎర్ర అక్షరాలు చూసి జనం హడలిపోతున్నారక్కా. సగంలోనే ఆర్డరు వద్దనేస్తున్నారు. కాస్త మెత్తగా రాయండి." ఆమె మెత్తగా రాసింది. చేతి గొలుసు పెట్టించుకుంటే మంచిది, అని. ఇంకో వారానికి, గొలుసు ఎలాగూ లేనప్పుడు అది ఉంటే మంచిదని చెప్పడం దేనికని ఆ వాక్యమూ తీయించాడు. ఆ తర్వాత, ఇవ్వలేని వస్తువును చూపించడం బాగోదని గొలుసు పేరే తెరమీదినుంచి తీయించాడు. ప్రతిసారీ అడిగింది చిన్న పనే. ప్రతిసారీ కారణం సబబుగానే ఉంది. చివరికి తెరమీద "రెండో తలుపు ఉందా?" అన్న ప్రశ్న ఒక్కటే మిగిలింది. ఉందన్నా లేదన్నా ఏమీ జరగదు. ఉత్తినే అడిగి ఊరుకుంటుంది.

ఆ రోజుల్లోనే ఆమె భర్త అక్క ఇస్త్రీ, డ్రై క్లీనింగ్ కొట్టు తెరిచింది. కొలతలక్కకు వదిన. తన భర్త పోయాక కొడుకుల దగ్గర చెయ్యి చాచనని, బతికినన్నాళ్లూ తన కాళ్లమీద తానే నిలబడతానని పంతం పట్టి తెరిచిన కొట్టు. నోరు పెద్దది, మనసూ పెద్దదే, కానీ ముందు కనబడేది నోరే. తమ్ముడి భార్య కంప్యూటరు ముందు కూర్చుని జీతం తెచ్చుకోవడం మీద ఆమెకు ఎప్పుడూ ఒక విసురు ఉండేది. "నువ్వు కూర్చుని అలిసిపోతావు, నేను నిలబడి అలిసిపోతాను" అనేది.

కొట్టు సన్నగా పొడుగ్గా ఉండేది. రెండు గోడలకూ బట్టల కొక్కేలు, మధ్యలో ఇస్త్రీ బల్ల. వెనక గోడకు కిటికీ కూడా లేదు. షట్టరు ఆ కంపెనీదే పెట్టించుకుంది, కాస్త తగ్గిస్తారు కదా అని. సేల్స్ కుర్రాడు వచ్చి అన్నీ నొక్కి వెళ్లాక, ఆదివారం ఇంటికి భోజనానికి వచ్చినప్పుడు ఆ సంగతి చెప్పింది.

కొలతలక్క చేతిలో గరిటె ఆగింది. "వదినా, మీ కొట్టుకు వెనక తలుపు లేదు కదా. గొలుసు దొరికాక పెట్టించుకోండి. కరెంటు పోతే ఇబ్బంది."

"గొలుసా? మీ కుర్రాడు ఆ మాటే ఎత్తలేదే. నేనే అడిగాను, ఇంకేమైనా కావాలా నాయనా అని. కంప్యూటర్లో ఇంకేం లేవమ్మా, ఇంతే అన్నాడు." వదిన నవ్వింది. "కంప్యూటరుకు తెలియనిది నీకు తెలుసేంటి?"

భర్త కూడా నవ్వాడు. కొలతలక్క కూర వడ్డించింది. కంప్యూటరుకు తెలుసు వదినా, నేనే దాని నోరు మూశాను, అని చెప్పాల్సిన చోట ఆమె ఏమీ చెప్పలేదు. చెబితే వదిన అక్కడే నలుగురిలో కడిగేస్తుంది. ఆదివారం పూట ఇల్లంతా గొడవ. తర్వాత మెల్లగా చెప్పొచ్చులే అనుకుంది.

ఆ తర్వాతనుంచి రోడ్డుమీద నడుస్తుంటే ఆమెకు కొట్లు వేరేగా కనబడసాగాయి. ఇదివరకు షట్టరు చూస్తే రేకు మందం, రంగు, తాళం చూసేది. ఇప్పుడు షట్టరు వెనక ఏముందో చూస్తోంది. మందుల కొట్టు, లోపల బల్ల వెనక ఒక అమ్మాయి, ఆమె వెనక గోడ. ఫోన్లు బాగుచేసే కొట్టు, గోడ. పూల కొట్టు, గోడ. ఎక్కడా రెండో వెలుతురు లేదు. బస్సులో కూర్చుని కిటికీలోంచి చూస్తే వీధి పొడుగునా ఒక్క నోరే ఉన్న గుహల వరసలా ఉండేది. మధ్యాహ్నం పూట కొన్నిటికి సగం దించి ఉండేవి షట్టర్లు. ఎండ పడకుండా. వాటి కింద మనుషుల కాళ్లు మాత్రం కనబడేవి.

గొలుసుల సరుకు వచ్చింది. షెడ్డులో పెట్టెలు దింపుతుంటే చూసి, ఆమె నేరుగా మేనేజరు గదిలోకి వెళ్లింది.

"సార్, గొలుసులొచ్చాయి. ఇదివరకటిలా తప్పనిసరి చేసేస్తాను."

మేనేజరు కుర్చీ చూపించాడు. "కూర్చోండక్కా. ఇప్పుడు మన ధర పక్క కంపెనీ ధరకంటే కొంచెం తక్కువలో పడుతోంది. గొలుసు కలిపితే ఎక్కువైపోతుంది. ఈ సీజను పోనివ్వండి."

"తాత్కాలికమే అన్నారు."

"ఇప్పుడూ తాత్కాలికమే." ఆయన చిరునవ్వు చెరగలేదు. "అడిగినవాళ్లకు ఇద్దాం. ఎవరైనా అడిగారా?"

ఎలా అడుగుతారు, కనబడనిదాన్ని? అని లోపలే అనుకుంది. ఆమె లేచి వచ్చేసింది. ఇంటికెళ్లి భర్తతో చెబితే, "నీ చెవిన పడింది, వాళ్ల చెవిన వేశావు. ఇంకేం చేస్తావు" అన్నాడు. మీ అక్కకు ఒకసారి గట్టిగా చెప్పండి అంది. చెబుతాలే అన్నాడు. ఆయన చెప్పలేదు. ఆమె మళ్లీ గుర్తు చెయ్యలేదు. ఒక గొలుసు తనే పట్టుకెళ్లి ఫిట్టరు బాబాయితో బిగించేద్దామని ఒకటి రెండుసార్లు అనుకుంది. వదిన ఏమంటుందో తలుచుకుని ఇంకో వారం అనుకుంది.

వానలు మొదలయ్యాయి. తడి బట్టలు ఎండక, జనమంతా ఇస్త్రీ కొట్టుమీద పడ్డారు. వదినకు ఊపిరాడని పని. మధ్యాహ్నం మాత్రం వానజల్లు లోపలికి కొట్టకుండా షట్టరు పూర్తిగా దించుకుని, భోజనం చేసి, బల్ల పక్కనే కాసేపు నడుం వాల్చేది. ఈ సంగతి భర్త మాటల మధ్యలో చెప్పినప్పుడు కొలతలక్కకు పుస్తకాల కొట్టాయన గుర్తొచ్చాడు. మర్నాడు ఆఫీసునుంచి వదినకు ఫోన్ చేసింది. "పనిలో ఉన్నానే, రాత్రి చెయ్యి" అని వదిన పెట్టేసింది. రాత్రి ఆమె చెయ్యలేదు. పనులు ముగిసేసరికి పొద్దుపోయింది.

రెండు రోజుల తర్వాత, మధ్యాహ్నం, షెడ్డు చప్పుడు ఆగిన వేళకు భర్త నుంచి ఫోను వచ్చింది.

"అక్క కొట్లోంచి పొగ వస్తోందట. పక్క కొట్టువాళ్లు ఫోన్ చేశారు. షట్టరు దించి ఉందట, తెరుచుకోవట్లేదట. నేను బయల్దేరాను. మీవాళ్లెవరైనా..."

ఆమె మిగతాది వినలేదు. షెడ్డులోకి పరిగెత్తింది. ఫిట్టరు బాబాయి అప్పుడే భోజనం డబ్బా మూత తీస్తున్నాడు. ఆమె ముఖం చూసి మూత పెట్టేశాడు.

"ఎక్కడ?" అన్నాడు.

"వదిన కొట్టు. గొలుసు లేదు బాబాయ్."

ఆయన రేకు కోసే మిషను సంచిలో వేసుకుని బండి తీశాడు. ఆమె వెనక కూర్చుంది. వానలో దారి పొడుగునా బళ్లు నిలిచిపోయి ఉన్నాయి. బాబాయి సందుల్లోంచి తోలుతూ ఒకే ఒక్క మాట అడిగాడు. "లోపల ఒక్కతేనా?" ఆమె అవునంది. 

వీధి మలుపులోనే జనం కనిపించారు. షట్టరు పై పెట్టెలోంచి సన్నటి పొగ వానలో వంకర్లు తిరుగుతూ పైకి పోతోంది. ఫైరింజను దారిలో ఎక్కడో ఇరుక్కుపోయిందట. నలుగురైదుగురు షట్టరును అరచేతులతో బాదుతున్నారు. ఒకాయన కింది సందులో గునపం దూర్చి ఎత్తబోతే పట్టీ వంగిందే కాని షట్టరు కదలలేదు. పక్క కొట్టాయన అందరినీ అరవొద్దంటున్నాడు, లోపలి చప్పుడు వినబడడం లేదని.

"ఇందాక తట్టింది" అన్నాడు ఆయన కొలతలక్కను చూసి. "బటన్ నొక్కుతున్నా కదలట్లేదని అరిచింది. తర్వాత తట్టడం ఒక్కటే వినబడింది. ఇప్పుడు..."

లోపల తీగలు షార్టయి మంట పుట్టింది. ఆ షార్టుతోనే కొట్లో కరెంటు పోయింది. దాంతో మోటారూ పోయింది. ఇదంతా తర్వాత తెలిసింది. ఆ క్షణాన ఆమెకు కనబడింది తమ కంపెనీ బొమ్మ ముద్రించిన నీలం రేకు మాత్రమే. తాను అమర్చిన రంగుల్లో ఒకటి.

బాబాయి పక్క కొట్లోంచి తీగ లాగి మిషను పెట్టాడు. నిప్పురవ్వలు వానలో చిమ్మాయి. ఆమె షట్టరు దగ్గర కూర్చుని సందుకు నోరు ఆనించి "వదినా, నేల మీద పడుకోండి. కిందికి వంగి ఇటు రండి. నా గొంతు వినబడుతోందా" అని అరుస్తూనే ఉంది. సందులోంచి వేడి గాలి, కాలిన నూలు వాసన ముఖానికి కొట్టాయి. జవాబు రాలేదు. భర్త వచ్చి పక్కన కూలబడ్డాడు. అక్కా అని ఒక్కసారి పిలిచి, తర్వాత పిలవలేకపోయాడు.

మూడు పట్టీలు తెగాక ఒక మనిషి దూరేంత సందైంది. బాబాయి తడి గుడ్డ ముక్కుకు కట్టుకుని లోపలికి పాకాడు. వదిన షట్టరుకు మూరెడు దూరంలో, చెంప నేలకానించి పడి ఉంది. ఊపిరి ఉంది.

ఆస్పత్రిలో చాలా రోజులు ఉండాల్సి వచ్చింది. ప్రాణం దక్కింది కానీ ఊపిరితిత్తులు పాడయ్యాయి, నాలుగడుగులు వేస్తే ఆయాసం. గొంతు బొంగురుపోయింది. ఒక మధ్యాహ్నం గదిలో ఇద్దరే ఉన్నప్పుడు ఆమె కొలతలక్కను చెయ్యి ఊపి దగ్గరికి పిలిచింది.

"ఆ రోజు గొలుసు పెట్టించుకోమన్నావు. ఎందుకన్నావు?"

"ఇలా అవుతుందని భయపడి."

"కంప్యూటర్లో లేదన్నాడు కుర్రాడు."

"ఉండేది వదినా. నేనే పెట్టాను. తర్వాత తీసెయ్యమన్నారు. నేనే తీశాను."

వదిన చాలాసేపు ఊపిరి కూడదీసుకుంది. "ఆ మాట చెప్పి ఉంటే నేను తిట్టేదాన్ని. తిట్టి, పెట్టించుకునేదాన్ని" అంది. తర్వాత గోడవైపు తిరిగి పడుకుంది. అంతే. ఆ తర్వాత ఆమె కొలతలక్కతో అవసరమైనంత వరకే మాట్లాడింది. మంచినీళ్లు, మందులు, కిటికీ. కిటికీ మాత్రం రోజూ అడిగేది, తెరిచే ఉందా అని. ఆస్పత్రినుంచి తమ్ముడి ఇంటికి తీసుకొచ్చాక ఆ ఇంట్లో పగలు ఏ తలుపూ మూయనివ్వలేదు.

ప్రమాదం జరిగిన మర్నాడే కొలతలక్క ఆఫీసుకు వెళ్లి, ఎవరినీ అడగకుండా గొలుసును మళ్లీ తప్పనిసరి చేసింది. ఇదివరకటికంటే గట్టిగా బిగించింది. రెండో తలుపు ఉందని నొక్కితే ఆ తలుపు ఫొటో కూడా పెట్టాలి. మార్పు భద్రం చెయ్యగానే ఆమె అనుకోనిది జరిగింది. వదులుగా ఉన్న రోజుల్లో తీసుకున్న పాత ఆర్డర్లన్నీ కొత్త నియమానికి సరిపోక తెరమీద ఒక్కొక్కటే ఎర్రబడసాగాయి. ఆమె వేలితో తెరను పైకి తోస్తూ పోయింది. ఎరుపు ఆగలేదు. అవన్నీ ఎక్కడో బిగించి, రోజూ దించుతూ ఎత్తుతూ ఉన్న షట్టర్లు. తెరమీద నియమం మారింది, అక్కడ గోడలకు ఏమీ మారలేదు.

మేనేజరు మొదటిసారి నవ్వకుండా వచ్చాడు. "ఎవరు చెయ్యమన్నారు?"

"ఎవరూ చెయ్యమనలేదు."

"మీ వదినగారికి జరిగింది బాధాకరమే. కానీ ఒకటి గుర్తుపెట్టుకోండక్కా. తీసేసింది కూడా మీ లాగిన్‌తోనే. నేను నోటిమాటగా అడిగాను. రేపు ఎవరైనా వచ్చి అడిగితే కంప్యూటర్ ఎవరి పేరు చెబుతుందో ఆలోచించండి."

"నా పేరే చెబుతుంది సార్" అంది ఆమె. "అందుకే మీకంటే ముందు నేనే వెళ్లి చెబుతాను."

యజమాని గదిలోకి వెళ్లి మొదటినుంచీ చెప్పింది. ఆయన దయతో విన్నాడని కాదు. భయంతో విన్నాడు. మేనేజరును పిలిచి తలుపేసుకుని చాలాసేపు మాట్లాడాడు. బయటికొచ్చి, ఎర్రబడ్డ కొట్లన్నిటికీ కంపెనీ ఖర్చుతో గొలుసులు బిగించమన్నాడు. బయట ఎక్కడా ఈ మాట పొక్కనివ్వొద్దన్నాడు. మేనేజరు ఉద్యోగం మేనేజరుకే ఉంది. కొలతలక్క మాత్రం సగం రోజు కంప్యూటరు ముందు, సగం రోజు ఫిట్టరు బాబాయి బండి వెనక.

కొందరు సంతోషంగా పెట్టించుకున్నారు. కొందరు పెదవి విరిచారు. "ఇన్నాళ్లూ ఏమైందని?" అన్నాడొకాయన. ఊరికే ఇస్తున్నారంటే ఏదో మతలబు ఉంటుందని ఇంకొకాయన లోపలికే రానివ్వలేదు. ఆమె వదిన కథ చెప్పేది. యజమాని పొక్కనివ్వొద్దన్నా చెప్పేది. తీసేసింది తనేనని కూడా చెప్పేది. ఆ మాట దగ్గర చాలామంది పక్కకు జరిగి దారిచ్చేవారు.

ఆర్డరు ప్రకారం ఒక చోట బొమ్మల కొట్టు ఉండాలి. వెళ్లి చూస్తే బోర్డు లేదు, షట్టరు పూర్తిగా దించి ఉంది. ఖాళీ అయిందేమో అన్నాడు బాబాయి. ఆమె వెనుదిరగబోయి ఆగింది. షట్టరు కింది సందులోంచి సన్నటి వెలుతురు. చెవి ఆనిస్తే లోపల కుట్టు మిషన్ల చప్పుడు, ఒకటి కాదు, చాలా. ఆమె తట్టింది. మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి.

"ఎవరు?" ఒక ఆడగొంతు.

"షట్టరు కంపెనీనుంచమ్మా. లోపల ఎంతమంది ఉన్నారు?"

లోపల ఒక కుర్చీ జరిగిన చప్పుడు. 

"మీకు బయటికి రావడానికి ఇంకో దారుందా?"

కాసేపు గుసగుసలు. "లేదు. మా సారు వచ్చేదాకా తియ్యొద్దన్నాడు. రిమోటు ఆయన దగ్గరే ఉంటుంది."

అంటే లోపలి గోడకు బటన్ కూడా లేదు. బాబాయి ఆమె వైపు చూశాడు. ఆమె మెట్టుమీద కూర్చుంది. మిషన్లు మళ్లీ మొదలయ్యాయి. ఆ మధ్యాహ్నమంతా ఆమె వీపుకు షట్టరు సన్నగా అదురుతూనే ఉంది. ఆమె మాటిమాటికీ వీధిలో కరెంటు తీగలవైపు చూసింది.

చీకటి పడబోతుండగా ఆ సారు వచ్చాడు. విషయం విని, "మోటారు బాగానే పనిచేస్తోందండీ. తర్వాత చూద్దాం" అని రిమోటు నొక్కాడు. షట్టరు లేచింది. లోపల వరసగా ఆడవాళ్లు, గుట్టలుగా బట్టలు. అందరూ కళ్లు చికిలించి బయటికి చూస్తున్నారు. కొలతలక్క ఆయనతో మాట్లాడడం మానేసి వాళ్లవైపు తిరిగింది. వదినకు జరిగింది చెప్పింది. ఎక్కువ చెప్పలేదు. పొగ, బటన్, తట్టడం, తట్టడం ఆగిపోవడం.

ముందు మిషను దగ్గర కూర్చున్న నడివయసు ఆమె లేచింది. "ఆ గొలుసు బిగించడానికి ఎంతసేపు పడుతుంది?" అని బాబాయిని అడిగింది.

"గంట పడుతుందమ్మా."

ఆమె చెప్పులేసుకుని బయటికొచ్చి మెట్టు పక్కన నిలబడింది. "అయితే ఆ గంటా మేం ఇక్కడుంటాం" అంది సారుతో. ఆమె వెనక ఇంకొకరు, వాళ్ల వెనక మరొకరు. సారు వాచీ చూసుకున్నాడు, వీధి చూశాడు, ఏదో గొణిగి ఫోను తీసుకుని పక్కకు పోయాడు. బాబాయి నిచ్చెన ఎక్కాడు.

బిగించడం అయ్యాక ఆ నడివయసామె తనే చూస్తానంది. ఒక్కతే లోపలికి వెళ్లింది. షట్టరు దించారు. బయట అందరూ మాటలు ఆపారు. లోపల గొలుసు గలగలమంది. ఆగింది. మళ్లీ గలగలమంది. చాలాసేపటికి షట్టరు బెత్తెడు లేచింది, వేళ్లు కనిపించాయి.

కొలతలక్క దగ్గర ఇంకా ఎర్రగానే ఉన్న కొట్లు కొన్ని మిగిలాయి. కొన్ని చేతులు మారాయి, కొన్నిటి ఫోన్లు పలకవు, కొన్నిటికి ఇచ్చిన చిరునామాలో ఆ కొట్టే లేదు. అవి ఎక్కడో ఉన్నాయి. ఉద్యోగం వదలమని భర్త రెండుసార్లు అన్నాడు. వాటికీ గొలుసులు పడి, తెరమీద ఆకుపచ్చగా అయ్యేదాకా వదలనంది. ఇప్పుడు కూడా వాన మబ్బు పట్టి, ఆఫీసులో దీపం ఒక్కసారి మిణుకుమంటే చాలు, ఆమె చేస్తున్న పని ఆపేస్తుంది. ఫోనువైపు చూస్తూ కాసేపు అలాగే కూర్చుంటుంది.